జైలు ‘నాకు తెలియదు’ అనకుండా ఉండాలంటే

1973 ఆగస్టులో వాషింగ్టన్‌లోని వైట్‌హౌస్ దగ్గర కొందరు క్వేకర్లు (శాంతిని బోధించే ఒక క్రైస్తవ శాఖవారు) ప్రార్థన చేస్తూ యుద్ధానికి నిరసన తెలిపారు. అరెస్టయినవారిలో స్టీఫెన్ డొనాల్డ్‌సన్ ఒకరు. పది డాలర్ల జామీను కడితే ఇంటికి వెళ్ళిపోవచ్చు. తప్పు చేయనివాణ్ణి జామీను ఎందుకు కట్టాలని ఆయన నిరాకరించారు. ఆ నగర జైలులో రెండు రాత్రుల పాటు తోటి ఖైదీలు గుంపుగా ఆయనపై అత్యాచారం చేశారు. బయటికి వచ్చాక ఆయన విలేకరులను పిలిచి జరిగినదంతా చెప్పారు. ఒక మగవాడు తన ముఖం దాచుకోకుండా ఇలాంటి సంగతి బయటపెట్టడం అమెరికాకు అప్పటికి కొత్త. తర్వాతి జీవితమంతా ఆయన ఇదే పని మీద ఉన్నారు. 1996లో చనిపోయారు. అమెరికా దీనికొక చట్టం చేసింది మాత్రం 2003లో.

ఆ ముప్పై ఏళ్ళలో జైలు అధికారులు వాదించిన వాదనలన్నీ వడకడితే చివరికి మిగిలేది ఒకే మాట: ‘మాకు తెలియదు’. ఖైదీ చెప్పలేదు కనుక తెలియదు. చెప్పినా సాక్ష్యం లేదు కనుక తెలియదు. ఫలానావాడు ప్రమాదకరమైన మనిషని ఏ కాగితం మీదా లేదు కనుక తెలియదు. జైళ్ళలో లైంగిక దాడుల సమస్యను అర్థం చేసుకోవడానికి ఈ ‘తెలియదు’ అన్న మాట వెంటే నడవాలని నా అభిప్రాయం. ఎవరి కామం, ఎవరి క్రూరత్వం అన్న ప్రశ్నల వెంట పడితే ఎక్కడికీ చేరం. నాలుగు గోడల మధ్య ఎవరు ఏ గదిలో, ఎవరి పక్కన పడుకోవాలో రాత్రింబవళ్ళు నిర్ణయించేది జైలే. అంతటి అధికారం ఉన్నచోట తెలియకపోవడం కూడా ఒక రకంగా ఆ జైలు తీసుకున్న నిర్ణయమే.

ఈ మాటకు న్యాయస్థానంలో తొలి గట్టి దెబ్బ 1994లో తగిలింది. డీ ఫార్మర్ అనే ట్రాన్స్‌జెండర్ మహిళను ఇండియానా రాష్ట్రంలోని టెరె హోట్ ఫెడరల్ జైలులో మగ ఖైదీల మధ్య ఉంచారు. అక్కడికి చేరిన కొద్ది రోజులకే తనపై దాడి జరిగిందని ఆమె కోర్టుకెక్కారు. జైలులో దాడికి గురికావడం నేరస్థుడు సమాజానికి చెల్లించాల్సిన శిక్షలో భాగం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు రాసింది జస్టిస్ డేవిడ్ సౌటర్. అయితే అదే తీర్పులో ఒక మెలిక కూడా ఉంది. అధికారిని బాధ్యుణ్ణి చేయాలంటే ప్రమాదం ఉందని అతనికి నిజంగా తెలిసి ఉండాలి, తెలిసీ పట్టించుకోకుండా ఉండాలి. ‘తెలుసుకుని ఉండాల్సింది’ అంటే చాలదు. తలుపు తెరుచుకుంది గాని గొళ్ళెం లోపలే ఉండిపోయింది. కళ్ళు మూసుకున్న అధికారికి కళ్ళు తెరిచినవాడికన్నా రక్షణ ఎక్కువ.

2003 సెప్టెంబరు 4న అధ్యక్షుడు జార్జి బుష్ సంతకం చేసిన జైలు అత్యాచార నిర్మూలన చట్టం సరిగ్గా ఈ గొళ్ళెం మీదే పని చేసింది. దాని ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలను అక్కడివాళ్ళు కలిపి ‘ప్రీయా’ అంటారు. మన చెవికి ఆడపిల్ల పేరులా వినిపిస్తుంది. ఇంత చేదు విషయానికి ఆ పేరేమిటని మొదటిసారి విన్నప్పుడు నాకు ఇబ్బందిగా అనిపించింది. కన్సర్వేటివ్ సెనేటర్ జెఫ్ సెషన్స్, లిబరల్ టెడ్ కెనెడీ ఇద్దరూ కలిసి ఆ బిల్లు తెచ్చారు. చర్చి సంఘాలు, మానవహక్కుల సంఘాలు ఒకే పక్క నిలబడ్డాయి. పార్లమెంటు ఏకగ్రీవంగా ఆమోదించింది. ఆ చట్టం వెంటనే ఎవరినీ శిక్షించలేదు. మొదట లెక్కపెట్టమంది.

లెక్కించడం అనుకున్నంత తేలిక కాదు. జైలు రికార్డులు చూస్తే చెప్పుకున్నవాళ్ళే కనిపిస్తారు. జైలర్ ఎదుట ఖైదీని అడిగితే ఎవరూ చెప్పరు. అందుకని జాతీయ సర్వేలో ఖైదీ ముందు టచ్‌స్క్రీన్ పెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు ఇచ్చారు. ప్రశ్న చెవిలో వినిపిస్తుంది, జవాబు వేలితో నొక్కాలి. చదువు రానివాడు కూడా ఎవరి సాయమూ లేకుండా చెప్పగలడు. అలా చేసిన 2011–12 సర్వేలో, గడచిన పన్నెండు నెలల్లో (లేదా జైలుకు వచ్చినప్పటి నుంచి) లైంగిక దాడికి గురయ్యామని పెద్ద జైళ్ళలో (అంటే రాష్ట్ర, ఫెడరల్ జైళ్ళలో) 4.0 శాతం, స్థానిక జైళ్ళలో 3.2 శాతం మంది చెప్పారు. మొత్తం దాదాపు 80,600 మంది అని అంచనా. అదే 2011లో అధికారుల పుస్తకాలకెక్కిన ఆరోపణలు 8,768. ఒకటి మనుషుల లెక్క, మరొకటి ఆరోపణల లెక్క కనుక రెంటినీ సూటిగా పోల్చకూడదు. అయినా తొమ్మిది రెట్ల తేడా అంటే, తెలియనిది ఎంత పెద్దదో ఊహకు అందుతుంది.

ఆ సర్వే మరో భ్రమను కూడా చెదరగొట్టింది. జైలు అత్యాచారం అనగానే మనకు కండలు తిరిగిన తోటి ఖైదీ గుర్తుకు వస్తాడు. పెద్ద జైళ్ళలో తోటి ఖైదీ పేరు చెప్పినవారు 2.0 శాతమైతే, జైలు సిబ్బంది పేరు చెప్పినవారు 2.4 శాతం. బాలల నిర్బంధ గృహాల్లో 2012లో చేసిన సర్వేలో బాధితులు 9.5 శాతం. అక్కడ సిబ్బంది వల్ల జరిగిందని చెప్పినవారిలో పదింట దాదాపు తొమ్మిదిమంది మగపిల్లలు, వారు చెప్పింది మహిళా సిబ్బంది గురించి. ‘ఇష్టపడే జరిగింది’ అన్న జవాబు ఇక్కడ చెల్లదు. తలుపు తాళంచెవి ఒకరి దగ్గర ఉన్నప్పుడు రెండోవారి ఇష్టానికి అర్థం ఉండదు. 2006 నాటికి అమెరికాలోని అన్ని రాష్ట్రాలూ సిబ్బంది, ఖైదీ మధ్య లైంగిక సంబంధాన్ని నేరం చేశాయి.

చట్టం తర్వాత నిబంధనలు రావడానికి ఇంకో తొమ్మిదేళ్ళు పట్టింది. 2012లో న్యాయశాఖ ప్రకటించిన ఆ ప్రమాణాల్లో నాకు అన్నిటికన్నా తెలివైనదిగా తోచేది చాలా మామూలు పని: ఒక ఫారం. జైలుకు వచ్చిన ప్రతి మనిషినీ 72 గంటల్లోగా కూర్చోబెట్టి కొన్ని ప్రశ్నలు అడగాలి. వయసెంత, శరీరం బలహీనంగా ఉందా, వైకల్యం ఉందా, జైలుకు రావడం మొదటిసారా, పూర్వం ఎప్పుడైనా లైంగిక దాడికి గురయ్యారా, స్వలింగ సంపర్కులుగానో ట్రాన్స్‌జెండర్‌గానో ఇతరులకు కనిపిస్తారా, ఇక్కడ మీకు భయంగా ఉందా. జవాబు చెప్పకపోతే శిక్షించకూడదు. 30 రోజుల్లోగా మళ్ళీ చూడాలి. ఆ జవాబులను బట్టి ఏ బ్యారక్, ఏ మంచం, ఏ పని అన్నది నిర్ణయించాలి.

ఫార్మర్ తీర్పుతో కలిపి చూస్తే ఈ ఫారం విలువ తెలుస్తుంది. పందొమ్మిదేళ్ళ సన్నటి కుర్రాడు, మొదటిసారి జైలుకు వచ్చాడు, భయంగా ఉందన్నాడు అని కాగితం మీద రాసి, కింద అధికారి సంతకం పెట్టాక, అతణ్ణి పాత నేరస్థుడి గదిలో వేసి ‘నాకు తెలియదు’ అనడం కుదరదు. ఆ కాగితమే తెలిసిందనడానికి సాక్ష్యం.

అడగాల్సిన వాటిలో ఇంకొకటి ఉంది: ఈ మనిషి కేవలం వలస నిబంధనల కారణంగా నిర్బంధంలో ఉన్నాడా? ఇది మనవాళ్ళకు దూరపు సంగతి కాదు. 2019 జనవరిలో, అమెరికా ప్రభుత్వమే ఉచ్చుగా నడిపిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారంలో దాదాపు 130 మంది విద్యార్థులను పట్టుకున్నారు. వారిలో అత్యధికులు భారతీయులు, వారిలోనూ తెలుగు పిల్లలు ఎక్కువ. ఏ నేరచరిత్రా లేక, భాష తడబడుతూ, జైలు మర్యాదలు తెలియని మనిషికి లోపల ప్రమాదం ఎక్కువని ఆ ప్రశ్న గుర్తిస్తుంది. వలస నిర్బంధ కేంద్రాలకు 2014లో విడిగా ఇలాంటి ప్రమాణాలే పెట్టారు.

దాడి జరిగాక

నివారణ తప్పిపోయిన తర్వాత ఏం చేయాలన్నది ఇంకో సగం. ఫిర్యాదు అందుకున్న మొదటి ఉద్యోగి ఇద్దరినీ విడదీయాలి, చోటును కాపాడాలి, సాక్ష్యం పోకుండా స్నానం చేయవద్దని, బట్టలు మార్చుకోవద్దని బాధితుణ్ణి కోరాలి. వైద్య పరీక్ష ఉచితం. దాడి చేసినవాడి పేరు చెప్పకపోయినా చికిత్స ఆగకూడదు. ఇవి బయట ఏ ఆసుపత్రిలోనైనా ఉండాల్సినవే. జైలుకే ప్రత్యేకమైన చిక్కులు మూడు ఉన్నాయి.

మొదటిది ఎవరికి చెప్పుకోవాలన్నది. ఫిర్యాదు పెట్టె తాళం వార్డర్ దగ్గరుంటే, వార్డర్ మీద ఫిర్యాదు ఎవరు వేస్తారు? అందుకే జైలుతో సంబంధం లేని బయటి సంస్థకు చెప్పుకునే దారి కనీసం ఒకటి ఉండాలి. పేరు చెప్పకుండానూ చెప్పవచ్చు. తల్లో, లాయరో, తోటి ఖైదీయో అతని తరఫున చెప్పవచ్చు. ఇన్ని రోజుల్లోనే చెప్పాలన్న గడువు లేదు. ములాఖత్‌కు వెళ్ళిన తల్లి కొడుకు ముఖం చూసి ముందుగా పసిగట్టే సందర్భాలను ఊహించుకుంటే, ఈ నిబంధన ఎందుకు పెట్టారో అర్థమవుతుంది.

రెండవది నమ్మకం. దొంగ మాట ఎవరు నమ్ముతారు? ఒక మనిషి మాటను అతను ఖైదీయా, ఉద్యోగియా అన్నదాన్ని బట్టి తూచకూడదని ఆ ప్రమాణాలు స్పష్టంగా రాశాయి. ఫిర్యాదు చేసినవాణ్ణి ముందు లై డిటెక్టర్ పరీక్షకు రమ్మని షరతు పెట్టకూడదు. శాఖాపరమైన విచారణలో జరిగిందా లేదా అని తేల్చడానికి, జరగలేదన్న పక్షం కన్నా జరిగిందన్న పక్షం ఏ కొంచెం బరువెక్కువున్నా చాలు.

మూడవదాన్ని నేను అన్నిటికన్నా క్రూరమైనదిగా భావిస్తాను. కాపాడతామని చెప్పి బాధితుణ్ణి ఒంటరి గదిలో వేయడం. రోజంతా నాలుగు గోడలు, పని లేదు, చదువు లేదు, మాట్లాడే మనిషి లేడు. దాడి చేసినవాడు మాత్రం బ్యారక్‌లో పేకాడుకుంటూ ఉంటాడు. ఈ సంగతి లోపలివాళ్ళందరికీ తెలుసు కనుక నోరు విప్పరు. ఇంకే మార్గమూ లేదని తేలితే తప్ప అలా చేయకూడదని, చేసినా మామూలుగా 30 రోజులు దాటకూడదని నిబంధన. ఫిర్యాదు చేసినవారిపై కక్షసాధింపు జరుగుతుందేమోనని కనీసం 90 రోజులు కనిపెట్టాలి. కక్షసాధింపు అంటే కొట్టడమే కానక్కర లేదు. గది మార్చడం, పని తీసేయడం, చిన్న తప్పుకు పెద్ద శిక్ష వేయడం కూడా అదే.

ఈ ప్రమాణాలు వచ్చాక 2015లో ఆరోపణల సంఖ్య 24,661కి చేరింది. నాలుగేళ్ళలో దాదాపు మూడు రెట్లు. దాడులు మూడు రెట్లు పెరిగాయని ఎవరైనా అంటే తొందరపాటే. అంతకుముందు సర్వేలో మాత్రమే కనిపించినవి ఇప్పుడు రిజిస్టరులో కనిపించడం మొదలయ్యాయి. ఫిర్యాదులు సున్నా అని గర్వంగా చెప్పుకునే జైలును చూసే ఎక్కువ భయపడాలి. ఆ ఏడాది నిజమని నిర్ధారణ అయినవి 1,473. మిగిలినవన్నీ అబద్ధాలని కాదు. వాటిలో చాలా కేసులు అటో ఇటో తేలకుండా ఆగిపోయాయి.

కాపలాదారే దొంగ అయినప్పుడు

ఇంత చేసినా డబ్లిన్ జరిగింది. కాలిఫోర్నియాలో ఆ పేరుగల ఊళ్ళోని ఫెడరల్ మహిళా జైలును ఖైదీలు, సిబ్బంది కూడా ‘రేప్ క్లబ్’ అని పిలుచుకునేవారు. వార్డెన్ రే గార్సియా (అక్కడ వార్డెన్ అంటే జైలు మొత్తానికి పెద్ద) ఖైదీలపై లైంగిక నేరాలకు పాల్పడ్డాడని 2022 డిసెంబరులో జ్యూరీ తేల్చింది. మరుసటి మార్చిలో 70 నెలల జైలుశిక్ష పడింది. ప్రార్థన చెప్పించే చాప్లిన్‌కు 84 నెలలు. 2024 ఏప్రిల్‌లో ఆ జైలును మూసేశారు. అదే డిసెంబరులో 103 మంది మహిళలకు దాదాపు 11.6 కోట్ల డాలర్లు చెల్లించడానికి ప్రభుత్వం ఒప్పుకుంది.

2022 డిసెంబరులోనే సెనేట్ ఉపసంఘం ఒకటి ఇచ్చిన నివేదిక చదివితే, ఒక మంచి చట్టం ఎక్కడ జారిపోతుందో కనిపిస్తుంది. అంతకుముందు పదేళ్ళలో మహిళలను ఉంచిన 29 ఫెడరల్ జైళ్ళలో కనీసం 19 చోట్ల సిబ్బంది మహిళా ఖైదీలపై లైంగిక నేరాలు చేశారు. ఫెడరల్ జైళ్ళ శాఖ అంతర్గత విచారణ విభాగంలో దాదాపు 8,000 కేసులు పేరుకుపోయి ఉన్నాయి. ఫ్లోరిడాలోని కోల్‌మన్ జైలులో 2021లో ప్రీయా ప్రమాణాల తనిఖీకి రెండు రోజుల ముందు మహిళా ఖైదీలందరినీ వేరే చోటికి తరలించారు. తనిఖీదారు వచ్చేసరికి మాట్లాడటానికి ఒక్క మహిళ కూడా లేదు. తెలుసుకోవడానికి వచ్చినవారికి తెలియకుండా చేశారు.

అక్కడే ఇంకొక సంగతి. కోల్‌మన్‌లో కొందరు అధికారులు తాము చేసింది శాఖాపరమైన విచారణలో ప్రమాణం చేసి ఒప్పుకున్నారు. ఉద్యోగం పోతుందని ఒత్తిడి పెట్టి రాబట్టిన వాంగ్మూలాన్ని అదే మనిషిపై క్రిమినల్ కేసులో వాడుకోకూడదన్నది అక్కడి రాజ్యాంగ సూత్రం. దాంతో వారిపై ప్రాసిక్యూషన్ సాగలేదు. మొదట శాఖ అడగాలా, మొదట పోలీసు అడగాలా అన్న చిన్న వరుస తప్పితే కేసే పోతుంది. ప్రీయా చట్టంలోనూ లోటు ఉంది: దాని ప్రమాణాలను ఉల్లంఘించారని ఖైదీ నేరుగా దావా వేయలేడు. పాటించని రాష్ట్రానికి కొన్ని ఫెడరల్ నిధుల్లో 5 శాతం కోత, అంతే.

మన దగ్గర

మన కోర్టులకు ఈ సంగతి తెలియదా అంటే అమెరికా చట్టానికి ఇరవై ఏళ్ళ ముందే తెలుసు. తిహార్ జైలు నుంచి సునీల్ బాత్రా అనే ఖైదీ సుప్రీంకోర్టుకు ఉత్తరం రాశాడు. ఇంకో ఖైదీ బంధువుల నుంచి డబ్బు గుంజడానికి ఒక వార్డర్ లాఠీతో అతని శరీరంపై చేసిన దారుణం గురించి. బాధితుడు మగవాడు, గాయం అయిన చోటు చెప్పరానిది. ఈ రోజు దాన్ని లైంగిక హింస అంటాం. ఆనాటి తీర్పు చిత్రహింస అంది. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకున్నారు. జైళ్ళలో ఫిర్యాదు పెట్టెలు ఉండాలని, అవి జిల్లా మేజిస్ట్రేటు, సెషన్స్ జడ్జి ఆధ్వర్యంలో తెరవాలని, జడ్జీలు జైళ్ళకు వెళ్ళి ఖైదీల గోడు వినాలని ఆదేశించారు. తాళం వార్డర్ చేతిలో ఉండకూడదన్న ఆలోచన మనకు 1980 నాటికే ఉందన్నమాట. 1982లో కాన్పూర్ సెంట్రల్ జైలులో బాలలను పెద్ద ఖైదీలు లైంగికంగా వాడుకుంటున్నారన్న వార్తలపైనా సుప్రీంకోర్టు స్పందించింది.

ఆ ఆదేశాలు గోడ మీదికి ఎక్కినంతగా ఆచరణలోకి రాలేదు. 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. వందమంది పట్టే చోట 131 మంది. వారిలో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలు, అంటే ఇంకా నేరం రుజువు కానివారు. ప్రక్కప్రక్కనే పడుకోవడానికి చోటు లేనిచోట ఎవరిని ఎవరి పక్కన ఉంచాలన్న ఫారం నింపి లాభమేమిటన్నది న్యాయమైన ప్రశ్నే. జామీను మొత్తం కట్టలేక లోపలున్నవాళ్ళను బయటికి పంపడం కూడా లైంగిక దాడుల నివారణే అని నేనంటాను.

చట్టం మాటకొస్తే, మహిళా ఖైదీ విషయంలో కాగితం మీద మనది గట్టి చట్టమే. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళపై జరిగిన అత్యాచారం, ఆమె భర్త మృతి నగరాన్ని అట్టుడికించాయి. పోలీస్ స్టేషన్‌లో ఒక ఆదివాసీ అమ్మాయిపై జరిగిన అత్యాచారానికి సంబంధించిన మథుర కేసులో అదే ఏడాది సుప్రీంకోర్టు పోలీసులను నిర్దోషులుగా విడుదల చేసింది. ఈ రెండింటి తర్వాత పుట్టిన ఉద్యమం వల్ల 1983లో చట్టం మారింది. నిర్బంధంలో జరిగిన అత్యాచారానికి హెచ్చు శిక్ష వచ్చింది. తాను సమ్మతించలేదని మహిళ చెబితే కోర్టు దాన్నే నమ్మి మొదలుపెట్టాలన్న నియమం వచ్చింది. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 64(2) సెక్షన్ కింద జైలు సిబ్బందికి కనీసం పదేళ్ళ శిక్ష. అత్యాచారం కిందికి రాకపోయినా, జైలు అధికారి పదవిని వాడుకుని మహిళను లోబరుచుకుంటే 68వ సెక్షన్ ఉంది.

లోపలున్న మహిళకుగాని, ఆమె కుటుంబానికిగాని అనుమానం ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు, లేదా సెషన్స్ జడ్జికి నేరుగా రాయవచ్చు. ఉచిత న్యాయసహాయానికి ఫోను నంబరు 15100. ఫారం, స్టాంపు అక్కరలేదు. బాత్రా ఉత్తరానికి అవేవీ లేవు.

మన జైళ్ళలో ఉన్నవాళ్ళలో మహిళలు నాలుగు శాతం. మిగిలిన 96 శాతంలో ఎవరిపైనైనా దాడి జరిగితే? ‘మానభంగం’ అన్న మాటను ఈ అర్థంలో మనం మగవాడికి వాడం. చట్టానికీ అదే అలవాటు. అత్యాచారం నిర్వచనంలో బాధితురాలు స్త్రీ మాత్రమే. ట్రాన్స్‌జెండర్ ఖైదీకి 2019 చట్టం ఉంది, దాని గరిష్ఠ శిక్ష రెండేళ్ళు. పద్దెనిమిదేళ్ళ లోపు అబ్బాయికి పోక్సో వర్తిస్తుంది. పద్దెనిమిది నిండిన పురుషుడికి 2024 జూలై 1 వరకు, ‘ప్రకృతి విరుద్ధ’ సంపర్కాన్ని నేరమన్న ఐపీసీ 377 ఉండేది. పరస్పర సమ్మతి ఉన్న సంబంధాలను 2018లో సుప్రీంకోర్టు అందులోంచి తీసేశాక, బలవంతం మాత్రమే నేరంగా మిగిలింది. కొత్త సంహితలో ఆ సెక్షనే లేదు. బలవంతపు చర్యల కోసమైనా దాన్ని ఉంచమని 2023లో పార్లమెంటు స్థాయీసంఘం చెప్పినా ఉంచలేదు.

కనుక ఈ రోజు ఏ సెంట్రల్ జైలులోనైనా పందొమ్మిదేళ్ళ విచారణ ఖైదీ ధైర్యం చేసి, పెట్టెలో కాగితం వేసి, జడ్జి దాన్ని చదివి, కేసు నమోదు చేయమని చెప్పారనుకుందాం. ఎఫ్‌ఐఆర్‌లో పోలీసు రాయగలిగింది గాయపరచడం, బలప్రయోగం, బెదిరింపు వరకే. ఈ ఖాళీ గురించి 2024 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు కేంద్రాన్ని ప్రశ్నించింది. అక్టోబరులో విషయం సుప్రీంకోర్టు ముందుకు వెళ్ళింది. ఫలానాది నేరమని చట్టం చేయమని పార్లమెంటును ఆదేశించలేమని, కావాలంటే ప్రభుత్వానికి విన్నవించుకోవచ్చని కోర్టు చెప్పి పిటిషన్‌ను పక్కన పెట్టింది.